వెనక్కి తీసుకున్న సాక్ష్యం

ఐదేళ్ళపాటు ఊరూరా తిరిగి నేను చెప్పిన ఒక సాక్ష్యం ఈ జనవరిలో నా ప్రాణం మీదికి తెచ్చింది. అంతటితో పోయుంటే దేవుని ముందు ఒప్పుకొని, మనుషుల ముందు ఊరుకునేదాన్నేమో. కానీ నా మాట నమ్మి పులివెందుల దగ్గర ఒక ఇంట్లో పసిబిడ్డకు టీకా ఆపేశారు. అది తెలిశాక ఊరుకోవడం పాపమనిపించింది. ఇప్పుడు లేచి తిరుగుతున్నాను, చెయ్యి వణకకుండా పెన్ను పట్టుకోగలుగుతున్నాను. అందుకే రాస్తున్నాను.

నా పేరు సుశీల. మాది జమ్మలమడుగు. రవికలు కుడతాను, ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెబుతాను. మా ఆయన జయరాజు బస్సు కండక్టరు, పులివెందుల రూటు. నా చెల్లెలు కరుణ పులివెందుల పక్క పల్లెలో ఏఎన్ఎం. ఇల్లిల్లూ తిరిగి గర్భిణులను చూసుకుంటుంది, పసిపిల్లలకు టీకాలు వేస్తుంది.

సాక్ష్యం అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మా ఆరాధనలో పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, దేవుడు తనకు చేసిన మేలు చెప్పాలనుకున్నవాళ్ళు ముందుకొచ్చి నిలబడి చెబుతారు. విన్నవాళ్ళు స్తోత్రమంటారు, హల్లెలూయ అంటారు. ఒకసారి సంఘంలో చెప్పిన సాక్ష్యం ఇక ఆ మనిషి సొంతం కాదు. అది అందరిదీ అవుతుంది. కష్టంలో ఉన్నవాళ్ళు దాన్ని తలుచుకొని నిలబడతారు. చిన్నప్పటి నుంచి ఆ సాక్ష్యాల మీదే పెరిగాను. వాటి బలమేమిటో నాకు తెలుసు. దాన్ని ఎట్లా పాడు చేయవచ్చో మాత్రం ఈమధ్యనే తెలిసింది.

ఐదేళ్ళ కిందట, మే నెల

పులివెందులలో కూడికలకు పోతుంటే ముద్దనూరు దాటాక మా ఆటో బోల్తా పడింది. ఎదురుగా చీనీకాయల, అంటే బత్తాయిల, లారీ వచ్చింది, దాన్ని తప్పించబోయి రోడ్డు దిగింది. పైకి గీతలు తప్ప ఏమీ లేవు. కడుపులో మాత్రం నెత్తురు కారుతోందని ప్రొద్దుటూరులో ఒక ఆస్పత్రిలో కోసి, ప్లీహం తీసేశారు. ఎడమ పక్కటెముకల కింద అట్లాంటిదొకటి ఉంటుందని నాకు అది పోయాకే తెలిసింది.

ఇంటికి పంపే రోజు డాక్టరు మంచం పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. తొందర లేకుండా చెప్పాడు.

"ఒంట్లోకొచ్చే కొన్ని క్రిములను పట్టుకునేది అదేనమ్మా. ఇప్పుడది లేదు. న్యుమోనియా తెచ్చే క్రిమి ఒకటుంది. నీలాంటివాళ్ళకు మామూలు జ్వరంలా మొదలై ఒక్క రోజులో మనిషిని తీసుకుపోగలదు. దానికి టీకా ఉంది. ఇంకో రెండు కూడా రాసిచ్చినా, వేయించుకో. వేయించుకున్నా సరే, చలిజ్వరం వస్తే ఇంట్లో పడుకోవద్దు. నేరుగా ఆస్పత్రికి రా."

తల ఊపాను. కాగితం తీసుకున్నాను. అప్పుడు నాకు ఆ టీకాల మీద కోపం లేదు, అనుమానమూ లేదు. ఇంటికొచ్చాక కుట్లు మానుతుంటే కొంత బద్ధకం. తర్వాత పెండ్లిళ్ళు వచ్చాయి, గుడ్డలు కుప్పపడ్డాయి. ప్రొద్దుటూరు పోయి రావాలంటే ఒక పగలు పోతుంది. వచ్చే వారం, వచ్చే వారం అనుకున్నాను. నేను టీకా వేసుకోకపోవడానికి మొదటి కారణం ఇంతే. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేనే దీన్ని మరిచిపోయాను.

ఆ తర్వాతి ఏళ్ళు

మొదటిసారి మా సంఘంలో నిలబడి, "దేవుడు డాక్టర్ల చేతులను వాడుకొని నన్ను బతికించాడు" అన్నాను. అందరూ మెల్లగా స్తోత్రం అన్నారు. రెండోసారి వేరే ఊరి స్త్రీల కూడికలో, "ఆ అవయవం లేకుండా బతకడం కష్టమన్నారు. అయినా మీ ముందు నిలబడ్డాను" అన్నాను. హల్లెలూయ గట్టిగా వచ్చింది. మనిషి నోరు ఆ గట్టిదనం వైపే నడుస్తుంది. నాలుగోసారికి డాక్టరు కుర్చీలో కూర్చొని నెమ్మదిగా చెప్పిన మాట బెదిరింపుగా మారింది. "సూదులు వేసుకోకపోతే చస్తావన్నారు. ఒక్క సూది వేసుకోలేదు. నా వైద్యుడు పరలోకంలో ఉన్నాడు!" ఆ మాట దగ్గర ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

కరుణ మా ఇంటికొచ్చి కూర్చొని అడిగింది.

"ఆ డాక్టరు రాసిచ్చిన కాయితం నాకియ్యి మే. యాడ దొరుకుతాయో కనుక్కొని నేనే ఏపిస్తా."

"ఇప్పుడు ఏసుకుంటే నేను అందరికీ చెప్పిందేమైతాది?"

"నువ్వు బతికుంటే ఇంకోటి చెప్పుకోవచ్చు."

"నీకు విశ్వాసం తక్కువ మే, చిన్నప్పటి నుంచీ."

"సరేలే. నాకు విశ్వాసం తక్కువ, నీకు చెవులు తక్కువ."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం గుచ్చుకుంది. ఆ నెలలోనే పులివెందుల సంఘంలో, అంటే వాళ్ళ సంఘంలో, సాక్ష్యం చెబుతూ ఇంకో వాక్యం చేర్చాను. "నా సొంత చెల్లెలే, టీకాలేసే చెల్లెలే, నన్ను విశ్వాసంలోంచి లాగాలని చూసింది." కరుణ మూడో వరుసలో కూర్చొని ఉంది. తల తిప్పి చూసినవాళ్ళందరినీ ఒక్కసారి చూసి, సంచి భుజానికేసుకొని బయటికి పోయింది. హల్లెలూయలో ఆమె చెప్పుల చప్పుడు ఎవరికీ వినపడలేదు.

అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. ఎవరైనా పోతే ఫోన్ చేసి కబురు చెప్పుకునేవాళ్ళం. అంతే.

జనవరి, ఉపవాస ప్రార్థనల వారం

మూడో రోజు పొద్దున లేచేసరికి చలి. పదింటికి ఎండలో కుర్చీ వేసుకొని దుప్పటి కప్పుకొని కూర్చున్నా ఆగలేదు. పక్కింటి ఖైరూన్ రవిక గుడ్డ ఇవ్వడానికొచ్చింది. ఆమె భర్త కువైట్‌లో పని చేస్తాడు. పదేళ్ళుగా మాకు గోడ ఒకటే.

"ఏందక్కా, ఎండలో దుప్పటి కప్పుకున్న్యావు?"

"ఉపవాసం గదా, సలి పెడ్తాండాది."

"మేమూ నెల రోజులుంటాము ఉపవాసం. మాకెవురికీ పండ్లు ఇట్ల టకటక కొట్టుకోవు. చెయ్యి చూపీ." పట్టుకొని వెంటనే వదిలేసింది. "యా అల్లా! పెనం మాదిరి కాలిపోతాండాది. లెయ్, ఆస్పత్రికి పోదాం."

"మజ్జాన్నం ప్రార్థన నేనే నడపాల. సాయంత్రం చూపించుకుంటాలే."

"దేవుడు రెండు గంటలు ఆగడా ఏంది?"

"ఆడ ముప్పై మంది కూసోనుంటారు మే."

డాక్టరు చెప్పిన మాట గుర్తు రాలేదా అని తర్వాత చాలామంది అడిగారు. వచ్చింది. సరిగ్గా ఆ మాటలే, ఆ గొంతుతోనే వచ్చాయి. కానీ ఐదేళ్ళుగా ఆ మాటల మీద గెలిచినట్టు చెబుతున్నాను. ఇప్పుడు జ్వరానికి భయపడి పరిగెత్తితే నన్ను నేనే ఏమనుకోవాలి?

పక్క వీధిలో ఒకరింట్లో ప్రార్థన. లేచి నిలబడి రెండు మాటలు మొదలుపెట్టాను. మూడో మాట దొరకలేదు. చేతుల మీద ఊదా రంగు మచ్చలు కనిపించాయి, అవి నావి కావేమో అనిపించింది. ఒళ్ళంతా వణుకుతూ కింద కూర్చుండిపోయాను. అప్పుడు జరిగిందే మావాళ్ళు తప్ప వేరెవరూ చేయలేని పొరపాటు. నా వణుకు చూసి వాళ్ళు పరిశుద్ధాత్మ దిగివచ్చిందనుకున్నారు. "ఎవురూ తాకొద్దండి, దేవుడు మాట్లాడతాండాడు" అని ఒకామె అంటోంది. చుట్టూ చప్పట్లు, పాట పెద్దదయింది. నాకు దాహంగా ఉంది, నీళ్ళు అడగాలని ఉంది. నోరు మాత్రం తిరగడం లేదు. అరగంట అట్లా పోయిందని తర్వాత చెప్పారు. వాళ్ళను తప్పు పట్టను. జ్వరాన్ని చూసి జ్వరమనకుండా ఉండడం వాళ్ళకు నేర్పింది నేనే.

వాకిట్లోంచి ఖైరూన్ గొంతు వినపడింది. మనసాగక వెనకే వచ్చిందట.

"ఏంది మీరు చేస్తాండేది! పెదాలు నల్లగయినాయి, సూడండి! అక్కకు జొరం! జరగండి, జరగండి!"

చెప్పులు కూడా విడవకుండా లోపలికొచ్చి నా చంకల కింద చేతులేసి లేపింది. ఆటోలో జమ్మలమడుగు ఆస్పత్రికి, అక్కడ చూడగానే అంబులెన్సులో ప్రొద్దుటూరుకు. దారి పొడుగునా ఖైరూన్ పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆమె తన భాషలో చేసుకునే ప్రార్థనలో నా పేరు రెండుమూడుసార్లు వినపడింది.

ప్రొద్దుటూరులో ఒక చిన్న వయసు డాక్టరు నా కడుపు మీది కుట్ల గుర్తు చూశాడు. "ఇదేంటమ్మా?"

"ప్లీహం తీసేసినారు."

"టీకాలు వేసుకున్నావా?"

ఐదేళ్ళుగా ఈ ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది. అది చెబితే జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నోరు తెరిచాను. "లేదు" అన్న ఒక్క మాటే వచ్చింది. ఆ అబ్బాయి నర్సును కేకేస్తూ పరిగెత్తాడు. డాక్టరు పరిగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. నా పరిస్థితి ఏమిటో అప్పుడర్థమయింది.

అద్దాల గదిలో పదకొండు రోజులు

ఐసీయూలో ఆ రోజుల గురించి నాకు తెలిసింది తక్కువ. దాహం తెలుసు. ముఖం మీది మాస్కులో నా ఊపిరి నాకే వేడిగా తగలడం తెలుసు. ఎడమ కాలి వేళ్ళు మొదట మంట పెట్టి, తర్వాత మంట కూడా తెలియకుండా పోవడం తెలుసు. గది తుడిచే ఆయమ్మ ఒకామె, నీళ్ళు తాగనివ్వకూడదన్నారని, నర్సును అడిగి దూదిని తడిపి నా పెదాలకు అద్దేది. "ఏమమ్మో, టీచరమ్మంట గదా నువ్వు. బాగయినాక నాకు ఒక పాట చెప్పాల, మర్చిపోవద్దు" అనేది. ఆమె పేరు అడగలేకపోయాను. ఆ దూది చల్లదనాన్ని మాత్రం నా ప్రార్థనల్లో రోజూ తలుచుకుంటాను.

బయట జరిగింది జయరాజు తర్వాత చెప్పాడు. హాల్లో వరసగా ఇనుప కుర్చీలు, గోడకు ఒకే ఒక్క ప్లగ్గు, దానికి పది ఫోన్లు. మైకులో పేషెంటు పేరు పిలిస్తే ఆ ఇంటివాళ్ళు తప్ప అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఈయన కండక్టరు గదా, పొద్దస్తమానం కుర్చీల్లో మనుషులను లెక్కపెట్టేవాడట. ఒక కుర్చీ ఖాళీ అయితే, వాళ్ళు ఇంటికి పోయినారా, వేరే దారిన పోయినారా అని గుబులు. పక్క కుర్చీలో ఖాజీపేట రైతు ఒకాయన, తల్లిని తెచ్చుకొని కూర్చున్నాడు. మూడో రోజు తన క్యారియరు తెరిచి జయరాజు ముందుకు జరిపాడట.

"తిను మామా. నువ్వు తినకుంటే ఆడ మా అత్తకు నయమైతాదా ఏంది?"

"నాకు దిగదప్పా."

"దిగకుంటే నీళ్ళు తాగి దింపు. నేనట్లనే తింటాండా."

ఇద్దరూ పెరుగన్నం తిన్నారు. ఒకరి దేవుడు ఒకరికి తెలియదు. ఒకరి భయం ఒకరికి తెలుసు. ఆయన తల్లి నాకంటే ముందే బాగయి వార్డుకు పోయింది. పోతూ ఆ క్యారియరు జయరాజుకే వదిలిపోయాడు.

ఖైరూనే కరుణకు ఫోన్ చేసిందట. రెండో రోజు పొద్దున కరుణ అద్దాల గదిలోకి వచ్చింది. పచ్చ గౌను తొడిగి, తలకు టోపీ పెట్టుకొని ఉంది. అయినా నడకను బట్టి గుర్తుపట్టాను. మాస్కులోంచే "కరుణా, నన్ను క్షమించు మే" అన్నాను. అన్నాననుకున్నాను.

"మాట్లాడొద్దు. ముందు ఊపిరి తీసుకో. కొట్లాట తర్వాత పెట్టుకుందాము, నేను యాడికీ పోను."

అట్లనే ఎక్కడికీ పోలేదు. సెలవు పెట్టి మిగిలిన రోజులన్నీ బయట ఇనుప కుర్చీలోనే కూర్చుంది.

స్పృహ తేలిక పడ్డాక నాకు చావు భయం కంటే పెద్ద భయం పట్టుకుంది. ఇంతకాలం నేను దేవుని పేరు చెప్పి నా పేరు పెంచుకున్నానేమో, ఆయన నన్ను విడిచిపెట్టాడేమో అని. కళ్ళు మూసుకుంటే ఆదివారం బడిలో చెప్పే ఒక కథ గుర్తొచ్చింది. చావబోతున్న ఒక రాజు గోడ వైపు తిరిగి ఏడుస్తాడు. దేవుడు కనికరించి ఆయుష్షు పెంచుతాడు. ఆ మాట చెప్పిన ప్రవక్తే, రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమంటాడు. ఆ కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఒకసారి ఒక పిల్ల, "టీచర్, దేవుడు బాగు చేస్తానన్నాక మళ్ళా ఆ ముద్ద ఎందుకు?" అని అడిగింది. నాకు జవాబు తెలియక పాట ఎత్తుకున్నాను. ఆ మంచం మీద ఆ ప్రశ్న నాకే తిరిగొచ్చింది. ముద్ద కట్టించుకున్నందుకు ఆ రాజును దేవుడు తప్పు పట్టలేదు. మాట ఇచ్చింది ఆయనే, ముద్ద పెట్టించిందీ ఆయనే. నేను ఆ ముద్దను కథలోంచి తీసేసి, ఆ కథను నా జీవితంలో పెట్టుకున్నాను.

ఆ పొద్దున చాలా ఏడ్చాను. కానీ విడిచిపెట్టబడినట్టు అనిపించడం ఆగింది.

ఫిబ్రవరి, ఇంట్లో

ఎడమ కాలి రెండు వేళ్ళ చివర్లు నల్లబడి తీసేశారు. ఇప్పుడు కుట్టుమిషను కుడికాలితోనే తొక్కుతున్నాను.

జయరాజు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే బరువుగా ఉండేది. ఒక మధ్యాహ్నం కట్టు మారుస్తూ తల వంచుకొనే అన్నాడు.

"ఐదేండ్లు నేను బస్సులో టికెట్లు కొడతా గూడ నీ సాక్ష్యం చెప్పినా సుశీలా. జొరమొచ్చిందన్నోళ్ళకు, ఆపరేషనన్నోళ్ళకు. ఎవురు యాడ దిగిపోయినారో. వాళ్ళను ఇప్పుడు యాడని ఎతకాల?"

ఈ రాత వాళ్ళలో ఎవరికైనా చేరితే బాగుండు.

కోలుకున్నాక డాక్టరు పిలిపించి టీకాలు మొదలుపెట్టారు. కరుణే తోడొచ్చింది. ఐదేళ్ళు ఎదిరించిన ఆ సూది రవిక కుట్టేటప్పుడు వేలికి గుచ్చుకునే సూది కంటే ఎక్కువేమీ కాదు. భుజం ఒక రోజు బరువుగా ఉంది, అంతే. టీకా వేసుకున్నానని ఇక ధీమాగా ఉండొద్దని, జ్వరమొస్తే ఇప్పటికీ పరిగెత్తి రావాల్సిందేనని డాక్టరు మళ్ళీ చెప్పారు. ఈసారి నేను కూడా ఆ మాటను తిరిగి చెప్పి చూపించాను. ప్లీహం తీసేసినవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, వాళ్ళ డాక్టరును ఈ టీకాల సంగతి అడగండి. వాయిదా వేయకండి. నాలాగా వాయిదాకు విశ్వాసమని పేరు పెట్టుకోకండి.

ఆ రోజు బస్టాండులో కూర్చున్నప్పుడు కరుణ నేల చూస్తూ చెప్పింది.

"నీకు ఒకటి చెప్పాల. ఆస్పత్రిలో చెప్పలేకపోతి."

వాళ్ళ సంఘంలో మౌనిక అనే అమ్మాయి ఉంది, ఏడు నెలల కూతురు. పిల్లకు నెలన్నరప్పుడు టీకాలు వేయిస్తే జ్వరమొచ్చి ఒక రోజు ఏడ్చింది. ఆ తర్వాత రెండున్నర, మూడున్నర నెలలకు వేయాల్సినవి మౌనిక అత్త నాగరత్నమ్మ ఆపేసింది. అందులో నన్ను పడేసిన ఆ న్యుమోనియా క్రిమికి పిల్లలకు వేసే టీకా కూడా ఉంది. ప్రభుత్వం ఊరికే వేసేదే.

"మూడుసార్లు పోయినా ఆ ఇంటికి" అంది కరుణ. "మూడోసారి ఆమె ఏమన్న్యాదో తెలుసా? 'మీ యక్కకు కడుపులో ఒక అవయవమే లేదు. ఏ సూదీ లేకుండా గుండ్రాయి మాదిరి తిరుగుతాండాది. మా పిల్లకు అన్నీ ఉండాయి. మీ యక్క మాట ఇనని నీ మాట మేము ఇనాలా?' అన్న్యాది. నేనేం చెప్పాల? తలొంచుకోని వచ్చేస్తి."

అక్కడి నుంచే మౌనికకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను. మౌనిక గొంతు తగ్గించి అంది.

"ఆంటీ, నాకు భయంగానే ఉండాది ఎప్పటినుంచో. కానీ మీరు ఫోన్లో చెప్తే మా అత్త నమ్మదు. మీ చెల్లెలే చెప్పించిందంటాది. మీరు సంఘంలో చెప్పినారు గదా. సంఘంలోనే చెప్పండి."

మార్చి, ఈస్టరు ముందటి శ్రమకాలం

పులివెందుల పాస్టరు అయ్యగారికి ముందుగా చెప్పాను. ఆయన ఇబ్బందిగా కదిలారు. "మీ సాక్ష్యం ఇని ఎంతమంది బలపడినారమ్మా. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే బలహీనుల సంగతి ఏంది?"

"ఏడు నెలల పిల్ల గూడ బలహీనురాలే అయ్యగారూ."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను షుగరు మాత్రలు మింగబట్టి పదేండ్లయింది. ఎవురూ అడగల్యా, నేనూ చెప్పల్యా" అన్నారు చివరికి. "ఆదివారం రండి."

ఆ ఆదివారం మళ్ళీ అక్కడే నిలబడ్డాను, కర్ర ఊతంతో. మూడో వరుసలో నాగరత్నమ్మ, ఆమె పక్కన బిడ్డను ఒళ్ళో పెట్టుకొని మౌనిక. కరుణ గుమ్మం దగ్గర, లోపలా కాదు బయటా కాదు. నేను మొదటి నుంచీ చెప్పాను. డాక్టరు కుర్చీ వేసుకొని చెప్పింది, నేను గుడ్డలు కుట్టుకుంటూ వాయిదా వేసింది, ఒక్కో ఊరిలో ఒక్కో మాట చేర్చింది, చెల్లెలిని ఈ చోటనే అవమానించింది. అందరూ వింటున్నారు. ఎక్కడా హల్లెలూయ రాలేదు. ఫ్యాన్లు తిరగడం వినపడుతోంది.

నాగరత్నమ్మ లేచింది. "అయితే ఐదేండ్లు మాకు అబద్దం చెప్పినావా?"

"సూది ఏసుకోలేదన్నది నిజమే వదినా. దేవుడు వద్దన్న్యాడన్నట్టు చెప్పినా చూడు, అది అబద్దం. ఆయన ఎప్పుడూ వద్దనల్యా. నాకే తీరిక ల్యాకపోయె."

ఆమె చెంగు సర్దుకొని కూర్చుంది. మొహం గట్టిగానే ఉంది. అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి ఒక ముసలాయన, "అది సరేమ్మా, ఇంతకీ పెద్దోళ్ళకు ఆ సూది యాడ గుచ్చుతారు, జబ్బకా, ఎనకాలా?" అన్నాడు. కొందరు నవ్వారు. "జబ్బకే నాయనా" అన్నాను. కర్ర పట్టుకొని దిగాను. గుమ్మం దగ్గరికి పోయేసరికి కరుణ లేదు. ఆమె ఏమనుకుందో, నాగరత్నమ్మ ఏం చేస్తుందో ఏమీ తెలియకుండానే ఆ రోజు బస్సెక్కాను.

బుధవారం

మంగళవారం సాయంత్రం కరుణ ఫోన్. "రేపు టీకాల రోజు. వస్తావా?" అంది. అంతే అంది.

అంగన్‌వాడీ వరండాలో బల్ల వేసుకొని కూర్చుంది. తల్లులు వస్తున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు. పదకొండు దాటింది. పన్నెండూ దాటింది. కరుణ దారి వైపు చూడనట్టే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. నిజానికి ఆ రెండు గంటలంత గట్టిగా నేను ఆస్పత్రి మంచం మీద కూడా ప్రార్థన చేయలేదు.

బల్ల సర్దబోతుండగా వచ్చారు. ముందు నాగరత్నమ్మ, బిడ్డ ఆమె చంకలోనే ఉంది. వెనక మౌనిక.

"నీ మాట ఇని కాదులే" అంది నాగరత్నమ్మ నాతో. "మూడు రాత్రులు మా కోడలు నన్ను నిద్ర పోనియ్యల్యా, నువ్వు సంఘంలో చెప్పిందే చెప్పి చెప్పి." తర్వాత కరుణ వైపు తిరిగింది. "మెల్లగా పొడువు. జొరమొచ్చిందంటే మాత్రం నీ ఇంటికే తెచ్చి పండబెడతా."

"తీసుకురా పెద్దమ్మా. మా ఇంట్లో మంచముండాది."

పిల్ల తొడను నేను పట్టుకున్నాను. మెత్తగా, వెచ్చగా, నా చేతిలో అటూ ఇటూ తన్నుకుంటోంది. సూది దిగింది. పిల్ల ఒక్క క్షణం ఆశ్చర్యంగా చూసి, తర్వాత ఊరంతా వినపడేటట్టు ఏడ్చింది. నాగరత్నమ్మ గబుక్కున లాక్కొని భుజానేసుకొని, "అయిపాయ, అయిపాయ నా తల్లీ" అంటూ వరండా చివరికి పోయింది. కరుణ కార్డులో రాసి, మిగిలినవి ఎప్పుడు వేయించాలో మౌనికకు రెండుసార్లు చెప్పింది. అరగంట కూర్చోబెట్టి, పిల్ల పాలు తాగి నవ్వాక పంపింది.

అంతా అయ్యాక కరుణ టీకాల పెట్టె మూసి, స్కూటరు బయటికి తీసింది. నన్ను చూసింది.

"ఏం చూస్తాండావు? ఎక్కు. ఇంకో పల్లె ఉండాది. ఆడ గూడ ఇద్దరు ముసలమ్మలు నీ పాత కథ చెప్పి నన్ను తరుముతాండారు."

కాలు జాగ్రత్తగా పెట్టి వెనక కూర్చున్నాను. పెట్టె నా ఒళ్ళో పెట్టింది.

"గట్టిగా పట్టుకో. కింద పడేస్తే నీకు ఇంకో సూది పొడుస్తా."

రెండు పక్కలా చీనీ తోటలు. ఎండ మాడిపోతోంది. లోపలి మంచు చల్లదనం పెట్టె గోడలోంచి, చీరలోంచి మెల్లగా మోకాళ్ళకు దిగుతోంది. చెల్లెలి వీపుకు తల ఆనించాను. తను జరగలేదు. నేను పెట్టెను రెండు చేతులా పొట్టకు హత్తుకొని, ఎవరికీ వినపడకుండా దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.